మరుగు ఎవరికి? పాకీదొడ్డి నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా

ఇల్లు బాగుచేసుకోవడం గురించి మనం మాట్లాడుకునే మాటలు ఒకసారి గుర్తుచేసుకుందాం. 'దొడ్డి కడిగించాం', 'పైపు బాగుచేయించాం', 'ట్యాంకు తీయించాం'. ఈ వాక్యాల్లో చేయించినవాళ్లు కనిపిస్తారు. చేసినవాళ్లు కనిపించరు. వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కానీ ఈ 'ఇంచు' ప్రత్యయం వెనక దాగిన మనుషులెవరో, వాళ్ల కులమేమిటో అడిగితే, అక్కడినుంచి ఒక చరిత్ర మొదలవుతుంది. ఆ చరిత్రని ఎవరూ ఇంటి చరిత్రలో రాయలేదు. పట్టణ చరిత్రలోనూ రాయలేదు.

ఇళ్లలోకి నీటి గొట్టం, ఫ్లష్, భూగర్భ డ్రైనేజీ వచ్చాక పాకీపని దానంతటదే పోయిందని చదువుకున్నవాళ్లలో ఒక నమ్మకం ఉంది. సాంకేతికత కులాన్ని కడిగేస్తుందని దీని సారాంశం. మేం దీన్ని ఒప్పుకోవడం లేదు. గొట్టం వచ్చాక ఆ పని ఇంటి వెనక సందులోంచి భూమి అడుక్కి దిగింది. దిగే మనిషి మాత్రం చాలావరకు ఆ వాడ మనిషే.

వెనక సందు

ముందు ఒక మాట. 'పాకీ' అనేది పాయఖానా అనే ఫారసీ మాట నుంచి వచ్చింది. చోటు పేరు పనికి, పని పేరు మనిషికి, చివరికి తిట్టుకి అంటుకుంది. చరిత్ర చెప్పుకోవాలి కాబట్టే ఇక్కడ వాడుతున్నాం.

పల్లెల్లో జనం పొలాల్లోకి, చెరువుగట్ల వెనక్కి పోయేవాళ్లు. అక్కడ పాకీదొడ్డి అవసరం పెద్దగా రాలేదు. అది పట్టణంతో, రైలుతో, కంటోన్మెంటుతో, మునిసిపాలిటీతో పెరిగింది. అంటే మనం అనాదిది అనుకునే ఈ పనిలో చాలా భాగం ఆధునిక కాలం పెంచిందే. పాత పట్టణపు ఇల్లు ఒకటి తీసుకోండి. పెరటి గోడ చివర దొడ్డి. ఇంటివాళ్లకి పెరట్లోంచి దారి. అడుగున సందులోకి తెరుచుకునే చిన్న కంత, దానికో రేకు తలుపు. పాకీపని చేసే ఆమె ఆ రేకు ఎత్తి, డబ్బా లాగి, బూడిద చల్లి, తట్టకెత్తుకుని పోవాలి. వానాకాలం తట్ట కారేది. నెత్తిమీంచి మొహం మీదికి కారేది. ఇంటివాళ్లు ఆమె మొహం చూడనక్కర్లేదు. మరుగుదొడ్డిలో 'మరుగు' ఇంటివాళ్ల సిగ్గుకి. ఆమె సిగ్గుకి ఏ మరుగూ కట్టలేదు.

కోస్తా, ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఈ పని ఎక్కువగా రెల్లివాళ్ల మీద పడింది. హైదరాబాదులో మెహతర్ల మీద పడింది. రెల్లివాళ్లలో పండ్లు, గడ్డి అమ్ముకుని బతికిన కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన పనేనన్న మాట వాళ్లమీద వేసిన ముద్ర.

పని మానే హక్కు కూడా లేని చోట్లున్నాయి. ఇళ్లలో పాకీపని చేసే 'ఆచారపు హక్కు' ఉన్నవాళ్లు ఆ పని సరిగా చేయకపోతే జరిమానా వేయొచ్చని 1911 నాటి పంజాబు మునిసిపల్ చట్టమూ, 1916 నాటి సంయుక్త రాష్ట్రాల మునిసిపాలిటీల చట్టమూ రాసుకున్నాయి. హక్కు అని పేరు పెట్టి, వదులుకుంటే శిక్ష అన్నారు! వేరే ఏ కూలీకీ లేని ఈ చట్టబద్ధమైన కట్టుబాటుని అంబేద్కర్ ఎత్తిచూపారు. గాంధీ ఈ పనికి పవిత్రత అంటగట్టి 1936లో 'హరిజన్' పత్రికలో ఆదర్శ భంగీ గురించి రాశారు. కట్టుబాటు విప్పమని ఒకరు అడుగుతుంటే, కట్టుకి పూలు చుట్టినవాళ్లు ఇంకొకరు.

కోలార్ సాక్ష్యం

సాంకేతికత లేక ఈ పని మిగిలిందనేవాళ్లకి మేం చూపించే చోటు కోలార్ బంగారు గనులు. కర్ణాటకలో ఉన్నా, అది తమిళ, తెలుగు దళితుల చెమటతో నిలిచిన ఊరు. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి ఆ గనులకి కరెంటు తెచ్చారు. అప్పటికి బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాల్లేవు. గనుల లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అడుగున వేడి భరించరానిదైతే, పైన చల్లబరిచిన గాలిని కిందికి పంపే యంత్రాలు బిగించారు. బంగారం కోసం పాతాళాన్ని చల్లబరచగలిగిన ఇంజినీర్లున్న ఊరది.

ఆ ఊళ్లోనే కార్మికుల ఇళ్ల దగ్గరి దొడ్లు పాకీదొడ్లుగా 1990ల దాకా ఉన్నాయి. వాటిని ఎత్తింది తెలుగు దళిత కుటుంబాలు. కరెంటు 147 కిలోమీటర్లు నడిచొచ్చింది. నీళ్ల గొట్టం దొడ్డి దాకా తొంభై ఏళ్లకీ నడవలేదు. తట్ట మోసే మనుషులు చవగ్గా దొరుకుతుంటే గొట్టం ఎవరిక్కావాలి?

ఆ కుటుంబాల్లో ఒకదాంట్లో 1966లో పుట్టినవాడే బెజవాడ విల్సన్. ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి 1990ల మధ్యలో ఆయన మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ మన జిల్లాల్లో తిరిగింది. పాకీదొడ్లని లెక్కగట్టింది, గడ్డపారలతో కూల్చింది. 2003లో సుప్రీంకోర్టుకి వెళ్లింది.

నీటి మూత

ఇప్పుడు ఇంటి లోపలికి వద్దాం. దొడ్డి కింద గొట్టం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో కాస్త నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ లండన్‌లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఆ గుక్కెడు నీళ్లు ఇంట్లోకి కంపు రాకుండా మూతలా పనిచేస్తాయి. గొప్ప ఊహే. కాకపోతే మూత ఇంటివైపే ఉంది. గాలి అవతలివైపున, ట్యాంకులో పేరుకుంటుంది.

సెప్టిక్ ట్యాంకులో బరువైనది అడుక్కి బురదగా దిగుతుంది. పైన తెట్టు కడుతుంది. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడతాయి. మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ముందు కుళ్లిన గుడ్డు వాసనేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది. వాసన తగ్గిందిలే అనుకుని దిగిన మనిషి కొద్ది ఊపిర్లలోనే పడిపోతాడు. లాగడానికి దిగిన రెండోవాడూ అంతే. ఈ చావులు ఇద్దరేసి, ముగ్గురేసి జరిగేది ఇందుకే. 2015 నవంబరులో కోజికోడ్‌లో ఆంధ్ర నుంచి వలసపోయిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నారు. వాళ్లని కాపాడబోయిన ఆటో డ్రైవర్‌తో సహా ముగ్గురూ పోయారు.

రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తోడించాలని ఇంజినీర్ల నియమం. మనవాళ్లు పొంగేదాకా ఆగుతారు. అప్పటికి బురద గట్టిపడి లారీ గొట్టానికి లాగబడదు. 'ఒక్క మనిషి దిగితే అయిపోతుంది' అంటారు. ఇంటివాళ్ల బద్ధకానికీ, పొదుపుకీ ఖరీదు కట్టేది ఆ ఒక్క మనిషి.

చట్టాలూ, మాటలూ

1949లో బొంబాయిలో వేసిన బార్వే కమిటీ, 1957లో కేంద్రం వేసిన మల్కానీ కమిటీ నెత్తిన మోయకుండా తోపుడుబండి ఇవ్వాలన్నాయి. తట్ట బండెక్కింది. బండి తోసేవాళ్ల కులం కదల్లేదు. 1993లో నిషేధ చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో అది 1997 జనవరి 26న గాని అమల్లోకి రాలేదు. 2011 జనాభా లెక్కల్లో మనుషులు ఎత్తే దొడ్లు దేశంలో 7,94,390 ఇంకా ఉన్నాయి.

2013 చట్టం ఒక అడుగు ముందుకేసింది. రక్షణ పరికరాల్లేకుండా మనిషిని మురుగుకాలవలోకో సెప్టిక్ ట్యాంకులోకో దించడం నేరమంది. మునిసిపాలిటీ, కాంట్రాక్టరు ఒక్కళ్లే కాదు, ఇంటి యజమాని కూడా నేరస్తుడే. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 1993 నుంచి మురుగులో చనిపోయినవాళ్ల కుటుంబాలకి పది లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది.

అయితే అదే చట్టం పాకీపనిని ఒక పేరుతోనూ, మురుగులోకి దిగడాన్ని 'ప్రమాదకర శుభ్రత' అనే ఇంకో పేరుతోనూ విడదీసింది. దాంతో 2021 జులైలో పాకీపని వల్ల చావులేవీ నమోదు కాలేదని కేంద్రం పార్లమెంటులో చెప్పగలిగింది. శవాలు అబద్ధం కాదు. శీర్షిక మారింది, అంతే.

యంత్రాలొద్దని మేం అనడం లేదు. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు గల్లీల్లో దూరే చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చి, దళిత పారిశ్రామికులకి అప్పగించింది. మంచిదే. కానీ యంత్రం వచ్చినా మురుగు మన వాటాకే రావడం గమనించాలి.

మనలో మనం

దళిత ఉద్యమం తనని తాను కూడా అడుక్కోవాలి. 1997లో వర్గీకరణ చేసినప్పుడు రెల్లి, అనుబంధ కులాలకి ఒక శాతం పెట్టారు. 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న విస్తృత ధర్మాసనం చెప్పింది. ఈ ఇరవై ఏళ్లలో మాల, మాదిగ వాదనలతో మన పత్రికల పేజీలు నిండాయి. రెల్లి స్త్రీ తట్ట గురించి, మెహతర్ యువకుడి ఊపిరి గురించి ఎన్ని పేజీలు రాశాం? మేమూ ఆ మౌనంలో భాగస్తులమే. ఒప్పుకుంటున్నాం.

టీచర్లూ, విద్యార్థులూ చేయగల పని ఒకటుంది. మీ కాలేజీ, మీ హాస్టలు, మీ ఇల్లు ఎవరు తోడుతున్నారో అడగండి. ఎప్పుడు తోడారు, దేంతో తోడారు, లోపలికి ఎవరైనా దిగారా, రాసిపెట్టండి. ఊళ్లో మురుగులో పోయినవాళ్ల పేర్లు వాళ్ల ఇంటివాళ్లనడిగి నమోదు చేయండి. కార్యకర్తలకి అది కేసు అవుతుంది, కుటుంబానికి పరిహారం అవుతుంది, మనకి చరిత్ర అవుతుంది.

'ట్యాంకు తీయించాం' అని ఎవరైనా అన్నప్పుడు, 'ఎవరితో?' అని అడగండి. అక్కడినుంచి రాయడం మొదలుపెడదాం.