పెయ్యను అమ్మడమా, మందలో ఉంచడమా?
పశువుల ధరల చక్రం చెప్పే చరిత్ర

ధర పెరిగినప్పుడు వరి రైతు గాదెలోని ధాన్యాన్ని అమ్ముకొంటాడు. విత్తనాల కొరకు దాచిన గింజలను మాత్రం ముట్టడు. విత్తనానికి కావలసినది పంటలో కొద్ది భాగమే కనుక ఇందులో అతనికి సందిగ్ధం లేదు. మాంసం కొరకు పశువులను పెంచే రైతు స్థితి ఇట్టిది కాదు. అతని మందలోని ప్రతి పెయ్యా అటు ధాన్యమూ, ఇటు విత్తనమూ కూడా. నేడు అమ్మితే అది మాంసం. ఉంచితే రాబోయే అనేక దూడలకు తల్లి. ధర ఎక్కువైన కొద్దీ ఈ ప్రశ్న కఠినమవుతుంది. మంచి ధర అమ్ముకొమ్మనీ చెబుతుంది, మందను పెంచుకొమ్మనీ చెబుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాల పశుపోషకులు 140 సంవత్సరాలకు పైగా ఎదుర్కొన్న సమస్య ఇది.

ప్రకృతి విధించిన గడువు

మాంసపు కోడి 6, 7 వారాలలో అమ్మకానికి వస్తుంది. పశువు విషయంలో అంత త్వరపడడానికి వీలులేదు. ఆవు చూలు కాలం సుమారు 283 రోజులు. సాధారణంగా ఒక ఈతకు ఒకే దూడ. ఏడెనిమిది నెలల వయస్సున పాలు మరచిన పెయ్యను రైతు ఉంచుకొన్నాడనుకొందాం. అది 15 నెలలకు చూలు కట్టి, రెండేళ్ల వయస్సున ఈనుతుంది. ఆ దూడ పాలు మరచి, పచ్చికపై, ఆపైన దాణాపై పెరిగి మాంసానికి సిద్ధం కావడానికి సుమారు ఒకటిన్నర సంవత్సరం పడుతుంది. అనగా పెయ్యను ఉంచాలని నిర్ణయించిన నాటి నుండి దాని సంతానం మాంసంగా అంగడికి చేరడానికి దాదాపు మూడేళ్లు.

ఈ గడువు వలన ఒక వింత జరుగుతుంది. ధర పెరిగితే సరుకు ఎక్కువగా రావలసి ఉండగా, పశువుల అంగడికి మొదట తక్కువగా వస్తుంది. అమ్మవలసిన పెయ్యలను రైతులు ఇంటనే ఉంచుకొనడమే ఇందుకు కారణం. దానితో ధర మరికొంత పెరుగుతుంది. అది చూచి మరికొందరు పెయ్యలను ఉంచుకొంటారు. మూడు, నాలుగేళ్ల తరువాత ఆ సంతానమంతా ఒక్కమారుగా అంగడికి వస్తుంది. ధర పడుతుంది. అప్పుడు ఆవులను సైతం అమ్మివేయడంతో సరుకు మరింత పెరిగి, ధర ఇంకా దిగజారుతుంది. మంద తగ్గిన తరువాత మరల కరవు, మరల అధిక ధర. ఒక్కొక్క చక్రం పూర్తి కావడానికి సుమారు పది సంవత్సరాలు పడుతుంది.

1880ల నాటి ఉత్సాహం

1881లో జేమ్స్ బ్రిస్బిన్ అనే సైనికాధికారి, పశ్చిమ మైదానాలలో పశువులను పెంచి ధనికులు కావచ్చునని ఒక పుస్తకం ప్రకటించాడు. ధరలు ఎక్కువగా ఉన్న రోజులవి. ఇంగ్లండు, స్కాట్లండు దేశాల పెట్టుబడిదారులు కంపెనీలు స్థాపించారు. మందను లెక్కపెట్టకుండానే, ఖాతా పుస్తకంలోని సంఖ్యను నమ్మి కొనుగోళ్లు జరిగినవి. ఆవులను, పెయ్యలను అమ్మక మందలను పెంచారు. కాని పచ్చిక పెరగలేదు. 1885లో అధ్యక్షుడు క్లీవ్‌లండ్ ఆజ్ఞపై షయాన్, అరపాహో తెగల భూముల నుండి తొలగించిన సుమారు రెండు లక్షల పశువులు కూడా ఇతర బీళ్లపై పడినవి. 1886 వేసవిలో వాన లేదు. ఆ తరువాత వచ్చిన చలికాలంలో మంచు తుపానులు చెలరేగినవి. బక్కచిక్కిన పశువులు గుంపులు గుంపులుగా చనిపోయినవి. స్కాట్లండు పెట్టుబడితో 1883లో ఏర్పడిన స్వాన్ కంపెనీ 1887లో దివాలా తీసినది. ఉంచుకొనే నిర్ణయానికి ధర ఒక్కటే ఆధారం కాదనీ, మేత కూడా లెక్కలోనిదేననీ ఆ సంవత్సరం తెలియజెప్పినది.

1973లో ప్రభుత్వ పరిమితి

1973 మార్చిలో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వం గోమాంసపు ధరపై గరిష్ఠ పరిమితి విధించినది. అది సెప్టెంబరు వరకు సాగినది. పరిమితి తొలగితే ధర పెరుగుతుందన్న ఆశతో అనేకులు సిద్ధమైన పశువులను సైతం ఆపి ఉంచారు. తీరా పరిమితి తొలగిన తరువాత, అవన్నీ అంగడికి రాగా ధరలు పడిపోయినవి. అదే కాలంలో దాణా ధాన్యాల ధరలు పెరిగినవి. దాణా కొనలేకా, పశువును అమ్మలేకా ఎందరో నష్టపోయారు. అయినా అంతకు ముందే ఉంచిన పెయ్యలు ఈనడం ఆగలేదు. 1975 జనవరి నాటికి దేశంలోని పశువుల సంఖ్య 13 కోట్ల 20 లక్షలకు చేరినది; అంత సంఖ్య మరి ఎన్నడూ రాలేదు. 1979 నాటికి అది సుమారు 11 కోట్ల 10 లక్షలకు తగ్గినది. అప్పుడు ధరలు మరల ఆకాశాన్ని అంటినవి.

రైతు అవివేకమా?

ఇట్టి చక్రాలను వివరిస్తూ 1938లో ఆర్థికవేత్త మోర్డెకై ఎజెకియల్ ‘సాలెగూటి సిద్ధాంతాన్ని’ విపులీకరించాడు. నేటి ధరే రేపూ ఉంటుందని ఉత్పత్తిదారులు భావించడం వలన ధరలు ఊగిసలాడతాయని దాని సారాంశం. అనగా తప్పు రైతుదేనన్నమాట. తరువాతి పరిశోధనలు ఈ తీర్పును సవరించినవి. 1974లో లవెల్ జార్విస్ అర్జెంటీనా పశువులను పరిశీలించి, ఆవు సరుకు మాత్రమే కాదు, పెట్టుబడి కూడా అని చూపాడు. ధర పెరిగిన వెంటనే వధకు వచ్చే పశువులు తగ్గడం అతని దృష్టిలో సహజమే. 1994లో రోజెన్, మర్ఫీ, షైన్‌క్‌మన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు, రైతులు ముందుచూపుతో వ్యవహరించినా చక్రం ఏర్పడగలదని నిరూపించారు. పశువు ఎదుగుదలకు పట్టే కాలమే అందుకు చాలును. మన ఒంగోలు జాతి సంతతియైన నెలోర్ పశువులు విస్తారంగా ఉన్న బ్రెజిల్‌లో కూడా ఇట్టి చక్రమే కనిపిస్తుంది.

లెక్క ఎట్లు వేయాలి?

పెయ్యను ఉంచితే దక్కే విలువ మూడు అంశాలపై ఆధారపడుతుంది: అది ఈనే దూడలకు ఆయా సంవత్సరాలలో రాగల ధర, ఏటేటా అయ్యే మేత, వైద్యం, వడ్డీ ఖర్చు, చివరకు ముసలి ఆవుగా అమ్మితే వచ్చే సొమ్ము. వీటి నికర మొత్తం నేటి అమ్మకపు ధరను మించితేనే ఉంచడం లాభం. ఇందులో కీలకం మొదటి అంశం. ధర శిఖరాన ఉన్నప్పుడు ఉంచిన పెయ్య తన దూడలను ధర దిగే సంవత్సరాలలో ఇస్తుంది. ధర అడుగంటినప్పుడు ఉంచిన పెయ్య దూడలు ధర పెరిగే కాలంలో అంగడికి చేరుతాయి. కాని ధరలు అడుగంటిన నాడు రైతు చేతిలో సొమ్ము ఉండదు. అప్పు తీర్చడానికి ఆ పెయ్యనే అమ్మవలసి వస్తుంది. అందుచేత దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకొన్నట్లు, మంచి ధరలో ముసలి ఆవులను, చూలు నిలవని వాటిని అమ్మి అప్పు తగ్గించుకొని, తన పచ్చికకు తగినన్ని పెయ్యలను మాత్రమే ఉంచుకొనేవాడు చక్రం కింది భాగాన్ని తట్టుకొనగలడు.

2014 దీనికి మరొక నిదర్శనం. టెక్సస్ మొదలైన ప్రాంతాల అనావృష్టి వలన పశువులు తగ్గి, ఆ సంవత్సరం ధరలు అంతకు ముందెన్నడూ లేనంతగా పెరిగినవి. పెయ్యలను విరివిగా ఉంచారు. 2016 చివరకు దూడల ధర దాదాపు సగానికి పడిపోయినది. ఆ తరువాత మరల అనావృష్టి రాగా, 2025 జనవరి నాటికి పశువుల సంఖ్య సుమారు 8 కోట్ల 67 లక్షలకు దిగినది. 1951 తరువాత ఇంత తక్కువ లేదు. ధరలు 2014 నాటి శిఖరాన్ని దాటినవి. అయినా ఈసారి పెయ్యలను ఉంచడానికి రైతులు తొందరపడలేదు. ఎండిన బీళ్లు, పెరిగిన వడ్డీ ఒక కారణం. 2016 నాటి అనుభవం మరొక కారణం.