పెట్టెకును ప్రయాణికునకును గల బంధము

విదేశమునకు విమానములో బోవువారిని సాగనంప వచ్చిన చుట్టములు మొదట నడుగునది ప్రయాణికుల యారోగ్యమును గూర్చి కాదు, పెట్టెలెన్ని యని. ఆ పెట్టెలు త్రాసు మీది కెక్కి, నల్లని పట్టా మీద గదలి, తెర వెనుకకు మాయమైన క్షణము నుండి ప్రయాణికుని మనస్సు రెండుగా చీలును. దేహము విమానములో గూర్చుండును. మనస్సు పెట్టె వెంట బోవును. దిగిన తరువాత బెల్టు ప్రక్క నిలిచి, వచ్చిన ప్రతి నల్లపెట్టెను తనదే యనుకొని ముందుకు వంగి, కాదని తెలిసి వెనుకకు జరుగు వేదన నెరుగని కుటుంబములు మనలో నిప్పుడు తక్కువ. ఈ వేదనను కొందరు కర్మమునకును, కొందరు శకునమునకును అంటగట్టుచున్నారు. దానికొక చరిత్ర కలదని నా మనవి. ఆ చరిత్ర తెలిసినవానికి భయము పూర్తిగా బోదు గాని, దేనికి భయపడవలెనో, దేనికి బడనక్కరలేదో తెలియును.

పూర్వ ప్రయాణములలో దొంగల భయముండెను, జ్వరముల భయముండెను. ఈ విధమైన భయము మాత్రము లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీని చెన్నపట్టణము విడిచి కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల నిల్లు చేరిరి. నూరుమందికి దగ్గరగా పరివారము, పల్లకీ, డేరాలు వారి వెంట నుండెను. మూట మోయువాడు యజమాని వెంటనే నడచును; వాడు వెనుకబడినచో బిడారమే నిలుచును. అది నూరుమందిని పోషింపగలవారి సుఖమందురేమో. నిజమే. కాని బీదవాడును తన మూటను తన నెత్తిననే పెట్టుకొని నడచెను గదా. వానికిని మూట చేతికందునంత దూరముననే యుండెను.

రైలు వచ్చి మనిషిని, సామానును విడదీసెను. మనిషి యొక పెట్టెలో గూర్చుండెను, వాని సామాను బ్రేకువానులో బడెను. ఒక రైలుకంపెనీ బండి దిగి మరియొక కంపెనీ బండి యెక్కవలసి వచ్చినచోట సామాను చేతులు మారెను. ఎవరి చేతిలో నున్నప్పుడు పోయెనో చెప్పువారు లేరు. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రమున మాంక్టన్ అను నూరిలో జాన్ మైకేల్ లయన్స్ అను నతడు 1882 జూన్ 5వ తేదీని ఒక చీటికి పేటెంటు పొందెను. చూచుటకు మిక్కిలి యల్పమైన వస్తువు. చీటి మీద బయలుదేరిన స్టేషను, చేరవలసిన స్టేషను, ఒక వరుససంఖ్య యుండును. దానిని రెండుగా చింపి పైముక్కను ఇత్తడి తొడుగులో దూర్చి పట్టెతో సామానునకు గట్టుదురు. క్రిందిముక్కను ప్రయాణికుని చేతి కిత్తురు. నేడు విమానాశ్రయములో మన పెట్టె చెవికి జుట్టు కాగితపు పట్టెయు, మన చేతికిచ్చు చిన్న యంటుచీటియు ఆ రెండు ముక్కల సంతతియే. మన చేతిలోని ముక్క "నీ సామాను మా వద్ద నున్నది" యని కంపెనీ వ్రాసి యిచ్చిన యొప్పుకోలు. దానిని కాఫీకప్పుతో బాటు చెత్తబుట్టలో వేయువారిని నేను కన్నులార జూచితిని.

విమానములు పుట్టిన తరువాత ఈ యొప్పుకోలునకు వెల యెంత యను ప్రశ్న వచ్చెను. 1929 అక్టోబరు 12వ తేదీని వార్సా నగరమున పలుదేశముల ప్రతినిధులు కూడి యొక ఒడంబడిక చేసికొనిరి. దాని సారమిది. సామాను పోయినచో తప్పు కంపెనీదే యని మొదట భావింపబడును. ప్రయాణికుడు సాక్ష్యములు వెదకి తెచ్చుకొన నక్కరలేదు. దానికి బదులుగా కంపెనీ చెల్లింపవలసిన సొమ్మునకు హద్దు పెట్టబడెను. కంపెనీ సామానునకు రసీదు ఇయ్యక పోయినచో ఆ హద్దును చూపి తప్పించుకొనుటకు దానికి హక్కులేదు. చిన్న కాగితపు ముక్కకు ఎంత బలమిచ్చిరో చూడుడు! మన దేశమున ఈ ఒడంబడిక 1934వ సంవత్సరపు చట్టముచే అమలులోనికి వచ్చెను.

ఆ హద్దు సంగతి మన గృహిణులకు వింతగా దోచును. అది బంగారముతో గట్టిన హద్దు. కిలోగ్రాము బరువునకు 250 ఫ్రాంకులు. ఫ్రాంకు అనగా వేయింట 900 పాళ్లు మేలిమిగల 65.5 మిల్లీగ్రాముల బంగారము. లెక్క కట్టినచో కిలో సామానునకు 16 గ్రాములకు మించిన బంగారము వచ్చును. ఎంత యుదారమో యనిపించును. కాని కంపెనీలు బంగారమును తూచి యియ్యలేదు. ప్రభుత్వములు బంగారమునకు గట్టిన వెలను బట్టి దానిని కాగితపు నాణెములోనికి మార్చిరి. అంగడిలో బంగారపు ధర మింటికెగసిన తరువాతను టిక్కెట్ల వెనుక కిలోకు 20 డాలర్లనియే యచ్చువేయబడెను. 1979 మార్చి నెలలో ఫ్రాంక్లిన్ మింట్ అను సంస్థ ఫిలడెల్ఫియా నుండి లండనుకు విమానములో బంపిన నాణెముల సరుకు, నాలుగు కట్టలు, 714 పౌండ్ల బరువు, జాడలేకుండ బోయెను. వారడిగినది 2,50,000 డాలర్లు. సరుకునకును ప్రయాణికుల పెట్టెలకును హద్దు ఒక్కటే. ఈ వ్యాజ్యము అమెరికా సుప్రీముకోర్టు వరకు బోగా, 1984లో న్యాయమూర్తులు పాత లెక్కనే నిలిపిరి: పౌండునకు 9.07 డాలర్ల చొప్పున మొత్తము 6,475.98 డాలర్లు.

ఈ తూనికలో నాకు దోచు అన్యాయము వేరొకటి కలదు. వస్తువు విలువను బరువును బట్టి నిర్ణయించినచో ఇనుప పెనము ముందు పట్టుచీర యోడిపోవును. తల్లి చేతివ్రాత ఉత్తరములకు బరువే లేదు. బరువైన పెట్టె తెచ్చుకొనగల సంపన్నునకు ఎక్కువయు, ఒక్క సంచితో నుద్యోగము వెదకికొన బోవు కుఱ్ఱవానికి తక్కువయు చెల్లును. డెబ్బది సంవత్సరములు ఈ తూనికయే నడచెను.

ఈలోగా పెట్టెకును మనిషికిని గల బంధము మరియొక విధమున, రక్తముతో, వ్రాయబడెను. 1985 జూన్ 22వ తేదీని కెనడాలోని వాంకూవరు విమానాశ్రయమున ఒక మనిషి పెట్టె నిచ్చి, టొరాంటోకు బోయి అక్కడ నుండి ఎయిరిండియా విమానమెక్కుదునని చెప్పెను. ఆ రెండవ విమానమున వానికి సీటు ఖాయము కాలేదు. అయినను పెట్టెను నేరుగా దానిలోనికి బంపుమని పట్టుబట్టెను. బల్ల వెనుక నున్న యుద్యోగిని నిరాకరించి, వాని పోరు పడలేక కడకు ఒప్పుకొనెను. పెట్టె పోయెను, మనిషి విమానమెక్కనే లేదు. మరునాడు ఐర్లండు సమీపమున సముద్రము మీద ఆ విమానము బ్రద్దలై 329 మంది చనిపోయిరి. వారిలో పెక్కురు కెనడాలో స్థిరపడిన భారతీయ కుటుంబముల వారు, సెలవులకు తాతల యిండ్లకు వచ్చుచున్న పిల్లలు. ఇంచుమించు ఆ వేళకే వాంకూవరు నుండి వచ్చిన మరియొక పెట్టె జపానులోని నారిటా విమానాశ్రయమున ప్రేలి, సామాను మోయు పనివారిద్దరు మరణించిరి. యజమాని యెక్కని విమానములో వాని పెట్టె యుండరాదను నిబంధన దీని తరువాత గట్టిపడెను. అది సరిగా పాటింపబడలేదనుటకు 1988 డిసెంబరు 21వ తేదీని స్కాట్లండులోని లాకర్బీ మీద 270 మంది ప్రాణములు పోవుట సాక్ష్యము. ఎవరో ప్రయాణికుడు రాలేదని వాని పెట్టెను విమానగర్భము నుండి వెదకి దింపువరకు మనలను గంటసేపు కదలనీయకున్నప్పుడు మనము సణుగుచుందుము. ఆ గంట యెవరిచ్చిన గంటయో యొకసారి తలచుకొనవలెను.

పెట్టెలు తప్పిపోవుటకు ముఖ్యకారణము విమానము మారుటయే. మనవారు హైదరాబాదు నుండి అమెరికాకు బోవునప్పుడు తఱచుగా గల్ఫు నగరములలోనో, ఐరోపాలోనో మారుదురు. మనిషి పరుగెత్తి అందుకొన్న విమానమును పెట్టె యందుకొనలేదు. చేతివ్రాతలు పోయి గీతల చీటి వచ్చినది. దాని మీది పదియంకెల సంఖ్యను యంత్రము చదువును. 2018 జూన్ నుండి విమానకంపెనీల అంతర్జాతీయ సంఘమువారి 753వ తీర్మానము ప్రకారము పెట్టెను నాలుగుచోట్ల లెక్కింపవలెను: ప్రయాణికుని నుండి పుచ్చుకొనునప్పుడు, విమానములో నెక్కించునప్పుడు, మారుచోట నప్పగించునప్పుడు, తిరిగి యిచ్చునప్పుడు. సీటా అను సంస్థ ప్రచురించిన లెక్కలలో 2007లో వేయిమంది ప్రయాణికులకు 18.88 పెట్టెలు దారి తప్పుట, ఆలస్యమగుట, చెడుట జరుగగా, 2024లో ఆ సంఖ్య 6.3కు దిగెను. వానిలోను ఎక్కువభాగము ఆలస్యమైనవే గాని పోయినవి కావు.

1999 మే 28వ తేదీని మాంట్రియల్ నగరమున జరిగిన క్రొత్త ఒడంబడిక బరువును తీసివేసి మనిషిని లెక్కలోనికి దెచ్చెను. పెట్టె తేలికైనను బరువైనను ప్రయాణికుడొక్కడే. అంతర్జాతీయ ద్రవ్యనిధివారి ఎస్‌డీఆర్ అను ప్రమాణములో మొదట మనిషికి 1,000గా నుండిన హద్దు, క్రమముగా పెరిగి 2024 డిసెంబరు 28 నుండి 1,519 అయినది. సుమారు 2,000 అమెరికా డాలర్లు. ఇది హద్దే గాని బహుమతి కాదు. నష్టము చూపినంతవరకే చెల్లును. అంతకు మించిన విలువగల వస్తువును బంపువారు పెట్టె నిచ్చునప్పుడే విలువ వ్రాసి యిచ్చి, అడిగినచో అదనపు రుసుము కట్టవలెను. మన దేశమునకు ఈ ఒడంబడిక 2009 జూన్ 30 నుండి వర్తించెను.

కాని నా దృష్టిలో దాని గొప్పతనము సొమ్ములో లేదు, గడువులలో నున్నది. చేరవలసిన దినము నుండి 21 దినములు గడచినను పెట్టె రాకున్నచో అది పోయినట్లే యెంచి ప్రయాణికుడు తన హక్కు నడుగవచ్చును. "రేపు వచ్చును, ఎల్లుండి వచ్చును" అను మాటతో నెలల తరబడి త్రిప్పుట కిక వీలులేదు. పెట్టె చెడి వచ్చినచో 7 దినములలోపల, ఆలస్యముగా వచ్చినచో చేతికందిన నాటి నుండి 21 దినములలోపల వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవలెను. నోటిమాట చెల్లదు. వ్యాజ్యమునకు రెండేండ్లు గడువు. మనవారు పెక్కురు ఓడిపోవునది న్యాయము లేక కాదు, వ్రాయక.

మా పినతల్లిగారు కొన్ని యేండ్ల క్రిందట కూతురి పురుటికి అమెరికా వెళ్లిరి. ప్రయాణమునకు ముందు పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ త్రిప్పి, కొబ్బరికాయ మ్రొక్కుకొనిరి. అన్నియు చేసిరి, ఒక్కటి చేయలేదు. మధుమేహమునకు తాము వేసికొను మాత్రలను చేతిసంచిలో నుంచుకొనలేదు. శొంఠిపొడి, కారప్పొడి, పసిబిడ్డకు మెత్తని పాతచీరల గుడ్డలు, వానితో బాటు మాత్రలు, అన్నియు పెద్దపెట్టెలోనే. దిగినచోట బెల్టు ఆగువరకు నిలుచుండి, ఆమె యెవరితోను ఏమియు ననక వెలుపలికి వచ్చెను. "పోనీలే అమ్మా, నా ఖర్మ. భాష రానిదాన్ని, ఎవరిని అడగను?" అని కూతురితో ననెను. నిండుచూలాలగు కూతురు తల్లిని చేయిపట్టి విమానకంపెనీ బల్ల వద్దకు దీసికొనిపోయెను. అచ్చట నడిగిన మొదటిమాట చీటి యేదని. అది లేదు.

అయినను పని జరిగెను. పెట్టెల యాకారములు, రంగులు గల పటము చూపగా ఆమె తన పెట్టెను వేలితో జూపెను. లోపల నేమున్నదని యడుగగా కూతురు చెప్పి వ్రాయించెను. చీటి చినిగిన పెట్టెను గుర్తించుట కివియే యాధారములు. అయిదక్షరములు, అయిదంకెలు గల యొక సంఖ్య నిచ్చిరి. మాత్రల కొఱకు ఆ రాత్రియే వైద్యుని వద్దకు బోవలసి వచ్చెను. ఆ ఖర్చుల రసీదులను కూతురు దాచెను. నాలుగవనాడు పెట్టె గుమ్మము ముందుకు వచ్చెను. రసీదుల సొమ్ములో కొంత రెండు నెలలకు వచ్చెను. మ్రొక్కుబడి కొబ్బరికాయను మా పినతల్లిగారు మానలేదు. మానుమని నేనును చెప్పలేదు.

తిరుగు ప్రయాణమున ఆమె మాత్రలను రొమ్ముకడ సంచిలో నుంచుకొనెను. బట్టలలో సగము అల్లుని పెట్టెలోను, వారివి సగము తన పెట్టెలోను సర్దించెను. ఒకటి పోయినను ఎవరును కట్టుబట్టలతో మిగులరాదని. పెట్టె లోపల పేరు, చేరవలసిన యూరు వ్రాసిన కాగిత ముంచెను. బల్ల వద్ద చీటి చుట్టిన తరువాత పెట్టెను కదలనీయక, కూతురు నేర్పిన మూడక్షరములను, హెచ్, వై, డీ, వేలు పెట్టి కూడబలుకుకొని చదివెను. వెనుక వరుసలో నున్నవారు విసుగుకొనిరట. ఆ యంటుచీటి నేటికిని ఆమె పంచాంగములో నున్నది.