గ్రామచరిత్రకు సాక్ష్యములు: అంతర్జాల యుగమున వాని పరీక్ష

1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ కార్యకర్తలు సమావేశమైరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ సభకు అధ్యక్షత వహించిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి వారి కృషి ఫలించి, ఆనాడు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. ఆ తరమువారికి ఎదురైన ప్రధానమైన కష్టము పుస్తకము దొరకకుండుట. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కృష్ణా కాలువలో పడవమీద గ్రంథాలయము సాగినది. ఒక యూరి పుస్తకమును మఱియొక యూరికి చేర్చుటయే నాటి మహాసేవ.

నేడు పరిస్థితి మారినది. పూర్వము మద్రాసునకో హైదరాబాదునకో పోయి, అనుమతి పొంది, రోజుల తరబడి కూర్చుండి ఎత్తి వ్రాసికొనవలసిన శాసనపాఠములును, జిల్లా మాన్యువళ్లును, పాతపత్రికలును ఇప్పుడు చేతిలోని ఫోనులో తెఱచుకొనుచున్నవి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట ఛాయాచిత్రములుగా తీయబడిన తెలుగు గ్రంథములు పెక్కులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను నిలయమున ఉచితముగ లభించుచున్నవి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో వేలకొలది పల్లెలకు వేఱువేఱు పుటలు కలవు. కొఱత చాలవఱకు తీరినది. కాని దానితోపాటు క్రొత్త చిక్కు పుట్టినది. దొరకినదానిలో నమ్మదగిన దేది? తూర్పారబట్టనిదే గింజ గాదె కెక్కదని కృష్ణా డెల్టా రైతునకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. చరిత్రకును అదే నియమము.

మొదట ఊరిపేరునే పరీక్షింపవచ్చును. విజయవాడ యను పేరు పలుకలేక ఇంగ్లీషువారు దానిని బెజవాడగా చెఱచిరను మాట అంతర్జాలమున తఱచుగ కానవచ్చును. వినుట కిది సహజముగనే తోచును; ఇంగ్లీషువారు చెఱచిన పేళ్లు నిజముగ పెక్కులు కలవు గనుక నమ్మబుద్ధియు పుట్టును. అయినను ఈ మాటను కాదనుటకు సాక్షి బెజవాడలోనే యున్నది. ఇంద్రకీలాద్రికడ మల్లేశ్వరాలయ ప్రాంతమున లభించిన యుద్ధమల్లుని స్తంభశాసనము తెలుగు పద్యములలో, మధ్యాక్కర వృత్తమున చెక్కబడినది. కుమారస్వామికి కట్టించిన గుడిని గూర్చి చెప్పు ఆ పద్యములలో ఊరిపేరు ‘బెజవాడ’ అనియే స్పష్టముగ నున్నది. ఆ శాసనము నన్నయభట్టునకు పూర్వపుది; ఇంగ్లీషు వర్తకులు కృష్ణాతీరమున అడుగిడుటకు ఆఱు వందల యేండ్లకు పైబడిన కాలము నాటిది. ఒక్క రాతికంబము వందల పుటలలోని మాటను రద్దు చేయుచున్నది.

ఇచ్చట మఱియొక జాగ్రత్త అవసరము. ఈ శాసనము వలన తేలినది ఏమి? బెజవాడ యను పేరు ఇంగ్లీషువారి సృష్టి కాదనుట మాత్రమే. విజయవాడ యను రూపము పుట్టుక యెట్టిదో, రెండింటిలో ఏది ముందో ఈ యొక్క సాక్ష్యము వలన తేలదు. సాక్షి పలికినంతవఱకే గ్రహించి, పలుకని మాటను సాక్షి నోట పెట్టకుండుట పరిశోధకుని ప్రథమధర్మము.

కాలనిర్ణయ విషయమునను ఇట్లే. జయంతి రామయ్య పంతులుగారు ఈ శాసనమును పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 15వ సంపుటమున ప్రకటించిరి. శాసనమున శకవర్షము లేదు. తూర్పుచాళుక్య వంశమున యుద్ధమల్లుడను పేరు గలవా రొకరికంటె నెక్కువమంది యుండుటచేత, రాజుల వరుసను, లిపి స్వరూపమును, భాషను బట్టి పండితులు కాలమును ఊహించిరి. కొందఱు 9వ శతాబ్ది చివర యనిరి. కొందఱు 930 ప్రాంతమనిరి. అంతర్జాల పుటలలో మాత్రము ఏదో యొక సంవత్సరము సందేహమునకు తావులేనట్లు వ్రాయబడి కానవచ్చును. రాతిపై నున్నది వేఱు, రాతిని చదివి పండితుడు ఊహించినది వేఱు. చదువరి ఈ రెంటిని విడదీసికొని చూడవలెను. ఎపిగ్రాఫియా ఇండికా సంపుటములును, 1948లో వెలువడిన తెలుగు శాసనముల 10వ సంపుటము మొదలుగా గల దక్షిణభారత శాసన సంపుటములును నేడు అంతర్జాలమున దొరకుచున్నవి గనుక, ఇది పల్లెలోని విద్యార్థికి కూడ సాధ్యమైన పనియే.

రెండవ ఉదాహరణము కృష్ణ ఆనకట్ట. సర్ ఆర్థర్ కాటన్ బెజవాడయొద్ద ప్రకాశం బ్యారేజి కట్టించెనని వ్రాసినవారు కలరు. ఒక్క వాక్యమున మూడు కాలములు కలగాపులగమైనవి. కాటన్ స్వయముగ నిలిచి కట్టించినది గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట. అది 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. కృష్ణపై ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ తొలి ఆనకట్ట 1852 నుండి 1855 వఱకు నిర్మితమైనది. దానికి కాటన్ ప్రోత్సాహము పెద్ద బలమైనను, నిర్మాణము నడపిన ఇంజనీరు కెప్టెన్ ఆర్. ఆ పాత ఆనకట్టకు 1952లో గండి పడిన పిమ్మట, 1954లో పునాది వేయబడి 1957లో పూర్తియైనది ప్రకాశం బ్యారేజి. అప్పటికి కాటన్ మరణించి 58 సంవత్సరములు గడచినవి.

ఈ విషయమున చూడదగిన పుస్తకములు మఱుగున లేవు. గోర్డన్ మెకంజీ 1883లో ప్రకటించిన కృష్ణా జిల్లా మాన్యువలును, కృష్ణా డెల్టా నిర్మాణములను గూర్చి వాల్ష్ అను ఇంజనీరు 1899లో ప్రకటించిన గ్రంథమును ముఖ్యములు. అయితే మంచి సాక్షికిని తన చూపు తనకుండును. ఇంజనీరు తన శాఖవారి పనిని వ్రాసెను; జిల్లా యధికారి పాలకుని కన్నులతో చూచెను. రాళ్లు మోసిన కూలీలు ఎవరో, భూమి కోల్పోయిన రైతు లెవరో ఆ పుటలలో వెదకినను దొరకుట యరుదు. తేదీలకు, కొలతలకు, ఖర్చునకు ఆ గ్రంథములు గట్టి సాక్ష్యములు. ప్రజల కష్టసుఖములకు చాలిన సాక్ష్యములు కావు. ఒక గ్రంథము నమ్మదగినదా యని మాత్రమే కాక, ఏ విషయమునకు నమ్మదగినది యని ప్రశ్నింపవలెను.

మూడవది గ్రామ కైఫీయతులు. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరణలో ఇవి యమూల్యములు. కావలి వెంకట బొఱ్ఱయ్య, అతడు 1803లో మరణించిన పిమ్మట తమ్ముడు లక్ష్మయ్య, వారి సహచరులు ఊరూర తిరిగి కరణములచేత స్థానిక వృత్తాంతములు వ్రాయించిరి. శాసనములకు నకళ్లు తీసిరి. సి. పి. బ్రౌను దొర వీనికి ప్రతులు వ్రాయించి శిథిలము కాకుండ కాపాడెను. తరువాత కొన్ని సంపుటములుగ ముద్రితములు కూడ నైనవి. తమ యూరి కైఫీయతు కంటబడినప్పుడు గ్రామస్థులకు కలుగు సంతోషము సహజమే. కాని కైఫీయతులోని ప్రతివాక్యమును ఒక్క త్రాసులో తూచరాదు.

గుంటూరు సీమలోని కొన్ని కైఫీయతులలో గోపరాజు రామన్నయను ప్రధాని శాలివాహన శకము 1067న, అనగా క్రీ.శ. 1145న, గ్రామ కరణీకములు నిర్ణయించెనని యుండును. దానిని గజపతుల ప్రభుత్వమునకో, గణపతి మహారాజునకో ముడిపెట్టుదురు. శాసనములను చూచినచో 1145 నాటికి ఆ సీమ నేలుచున్నవారు చందవోలు రాజధానిగా గల వెలనాటి చోడులు. కాకతి గణపతిదేవుని పాలన 1199లో గాని మొదలు కాలేదు. ఓఢ్ర గజపతుల రాజ్యము 1434 ప్రాంతమున గాని ఏర్పడలేదు. కనుక ఆ తేదీ ఆ రాజులలో నెవ్వరికిని పొసగదు.

అంతమాత్రమున కరణములు అబద్ధమాడిరని యనరాదు. తరతరములుగ విన్నదానిని వారు వ్రాసిరి. కరణీకపు హక్కు తమ కెట్లు వచ్చినదని వారు తలంచిరో దానిని వ్రాసిరి. ఆ నమ్మకము ఉండెననుటకు కైఫీయతు నిస్సందేహమైన సాక్ష్యము. ఆ సంఘటన ఆ సంవత్సరమున జరిగెననుటకు మాత్రము కాదు. వ్రాసినవారి తండ్రులు, తాతలు కన్న కాలమునకు దగ్గఱయగు కొలది, చెఱువులు, శిస్తులు, జమీందారీ పంపకములు మున్నగు విషయములలో కైఫీయతు బలము పెరుగును. హక్కు నొసగు కథ యెదురైనపుడెల్ల, ఆ కథవలన లాభమెవరికని విచారించుటయు అవసరమే. నేటి కులచరిత్రలకు, వంశచరిత్రలకు, ఆలయ మాహాత్మ్యములకు కూడ ఈ ప్రశ్న చెల్లును.

అంకెల విషయము మఱింత సున్నితమైనది. ఏలయన కొన్ని అంకెల వెనుక మనుష్యులున్నారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరని చెప్పుదురు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనకు ప్రభుత్వపు లెక్క 10,000 ప్రాంతమున నున్నది. ఇతరుల అంచనాలు అంతకంటె మిక్కిలి యెక్కువ. పెద్ద అంకె వ్రాసినచో ఆ దుఃఖమునకు గౌరవము చేసినట్లనియు, చిన్న అంకె వ్రాసినచో నిజాయితీ చూపినట్లనియు తలంచుట రెండును పొరపాటే. ఎవరు లెక్కించిరి, ఎట్లు లెక్కించిరి, ఎవరు లెక్కకు రాలేదు అని అడుగవలెను. పేరు జాబితాలో లేని వలసకూలి, కుటుంబమంతయు కొట్టుకొనిపోగా చెప్పువారు మిగులని యిల్లు ఏ లెక్కలో చేరును? చరిత్రకారుడు రెండు అంకెలను, రెంటి మూలములను చెప్పి, భేదమునకు కారణము చూపుట న్యాయము.

అంతర్జాలమున అన్నిటికంటె మోసపుచ్చునది సంఖ్యాబలము. పది పుటలలో ఒకే మాట కనబడినచో పదిమంది సాక్షులు దొరకినట్లు తోచును. పదింటిలోను అవే పదములు, అదే అచ్చుతప్పు ఉన్నచో అవి పది కావు, ఒక్కటియే. ఆ యొక్కదాని మూలమేదో తెలియువఱకు దాని విలువయు తెలియదు. వికీపీడియా పుటను దారిచూపు రాయిగా వాడుకొనవచ్చును. అడుగున నిచ్చిన ఆధారములను తెఱచి చూచి, అవి ఆ మాటను నిజముగ చెప్పుచున్నవో లేదో సరిచూడవలెను. ఆ పుటను ఎవరు ఎప్పుడు మార్చిరో తెలుపు చరిత్రయు అందే యుండును. ప్రశ్న యడిగిన వెంటనే వాక్యములు కూర్చి యిచ్చు కృత్రిమమేధ యంత్రములు నేడు వచ్చినవి. అవి లేని పుస్తకమును, లేని పుటసంఖ్యను గూడ ధారాళముగ చెప్పగలవు. అట్టి సమాధానమును వెదకుటకు సూచనగా గైకొనవచ్చును గాని సాక్ష్యముగ గైకొనరాదు.

ఛాయాచిత్ర ప్రతులయందును మెలకువ వలయును. పాతపుస్తకమునకు నిలయమువా రిచ్చిన శీర్షికలో పేరు, సంవత్సరము తప్పుపడుట కద్దు. ముఖపత్రము తెఱచి, కర్త యెవరో, ఎన్నవ ముద్రణమో, ఏ యేటిదో స్వయముగ చూడవలెను. నడుమ పుటలు లోపించినవేమో గమనింపవలెను. యంత్రము అక్షరములుగ మార్చిన తెలుగుపాఠమున ఒత్తులు, అంకెలు తాఱుమాఱగును. కనుక ఉదాహరించునపుడు చిత్రమునే చదువవలెను. వెదకునపుడు ఊరిపేరుయొక్క పాతరూపములును వాడవలెను. బెజవాడ, బందరు అని వెదకినచోట దొరకునది విజయవాడ, మచిలీపట్టణము అని వెదకినచోట దొరకకపోవచ్చును.

అంతర్జాలమున చేరని సాక్ష్యము ఇంకను అపారము. గుడి ప్రాంగణమున సున్నము పూయబడిన శాసనము, కరణపుటింటి అటుకమీది దస్త్రము, కాలువ లాకువద్ద చెక్కిన సంవత్సరము, వృద్ధుల జ్ఞాపకములు పల్లెలలోనే యున్నవి. వీనిని కాపాడు భారము గ్రామ గ్రంథాలయమునది. శాసనమును రాచి చెఱుపక, ప్రక్కవెలుతురున ఛాయాచిత్రము తీసి, చోటును తేదీని వ్రాసి యుంచవచ్చును. వృద్ధులు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసికొని, వారు కన్నది యేదో, విన్నది యేదో వేఱుచేయవచ్చును. గ్రంథాలయపు పాత రిజిస్టర్లు, సభల కరపత్రములు, చందాల పుస్తకములు కూడ చరిత్రయే.

రజతోత్సవ సంచికలు ఈ విషయమున ప్రత్యేకబాధ్యత గలవి. ఇట్టి సంచికలో నేడు అచ్చయిన గ్రామచరిత్ర రేపు ఛాయాచిత్రమై అంతర్జాలమున కెక్కును. ఏబది యేండ్లకు అదియే మూలగ్రంథముగ ఉదాహరింపబడును. ఆధారము లేని గొప్ప యొకటి ఇందు చేరినచో దానిని తరువాతి తరములు తీసివేయలేవు. ఊరిలోని యొక కులమునో, ఒక వీధినో ఇందు విడిచిపెట్టినచో వారు చరిత్రలో లేనివారగుదురు. కావున ప్రతి విషయమునకును, ఇది శాసనమున నున్నది, ఇది దస్త్రమున నున్నది, ఇది పెద్దలు చెప్పినది యని మూడు మాటలు చేర్చి వ్రాయుట మేలు. అట్లు వ్రాసిన చిన్న చరిత్ర, మూలము తెలుపని పెద్ద చరిత్రకంటె ఊరికి ఎక్కువకాలము ఉపకరించును.