ఊరు ఒకచోట, లీగు మరోచోట

1970ల మొదట్లో కెనడా జూనియర్ ఐస్ హాకీలో ఓ తమాషా నడిచింది. క్విబెక్ ప్రావిన్స్‌లోని మహానగరం మాంట్రియల్ జట్టేమో పొరుగున ఉన్న అంటారియో లీగులో ఆడేది. అంటారియోలోని చిన్న ఊరు కార్న్‌వాల్ జట్టేమో క్విబెక్ లీగులో ఆడేది.

మాంట్రియల్ జూనియర్ కెనడియెన్స్ 1961 నుంచీ అంటారియో పంచనే ఉంది. 1969, 1970ల్లో వరసగా మెమోరియల్ కప్ గెలిచింది. కెనడా జూనియర్ హాకీలో అంతకు మించిన కప్పు లేదు. ప్రొఫెషనల్ లీగైన ఎన్‌హెచ్‌ఎల్ కుర్రాళ్లను ఎంచుకునే 1969 డ్రాఫ్టులో మొదటి రెండు పేర్లు, 1970లో మొదటి పేరు ఆ జట్టు కుర్రాళ్లవే. సరిగ్గా 1969లోనే క్విబెక్ తన సొంత మేజర్ జూనియర్ (జూనియర్ హాకీలో పై మెట్టు) లీగు పెట్టుకుంది. మాంట్రియల్ లేని క్విబెక్ లీగంటే పెళ్లికొడుకు లేని పెళ్లే. ఆ జట్టును రాబట్టుకోవడానికి చివరికి కోర్టుకెక్కుతామని బెదిరించాల్సి వచ్చింది. 1972 వేసవిలో అంటారియో దిగొచ్చింది, కానీ చేతులు ఊపుకుంటూ పోనివ్వలేదు. ఫ్రాంచైజీని ఒక సీజన్ పాటు నిద్రపుచ్చి, 1973లో కింగ్‌స్టన్ పట్టణంలో కింగ్‌స్టన్ కెనడియన్స్ పేరుతో లేపింది. మాంట్రియల్ జట్టు పేరు మార్చుకుని క్విబెక్ లీగులో ఆడింది. ఒక జట్టు అలా రెండయింది!

కార్న్‌వాల్ రాయల్స్ కథ ఇంకా వింత. 1980 మెమోరియల్ కప్ బ్రాండన్, రెజైనాల్లో జరిగింది. లీగు దశలో పీటర్‌బరో కార్న్‌వాల్ చేతిలో ఓడిపోవడంతో ఆతిథ్య జట్టు రెజైనాకు ఫైనల్ దారి మూసుకుపోయింది. పీటర్‌బరో కావాలనే ఓడిందని రెజైనా జనం మండిపడ్డారు. ఫైనల్లో అదే పీటర్‌బరోను కార్న్‌వాల్ అదనపు సమయంలో 3-2తో ఓడించింది. మరుసటి ఏడు విండ్సర్‌లో కిచెనర్‌ను 5-2తో చిత్తు చేసింది. ఓడిన ఇద్దరూ అంటారియో ఛాంపియన్లే. గెలిచింది క్విబెక్ తరఫున ఆడిన అంటారియో ఊరు. ఆ సీజన్లో 183 పాయింట్లు చేసిన డేల్ హావర్‌చుక్‌ను ఎన్‌హెచ్‌ఎల్ జట్టు విన్నిపెగ్ తన్నుకుపోయింది. 1981లోనే రాయల్స్ సొంత ప్రావిన్స్ లీగుకు మారింది. అక్కడ 1982-83లో డగ్ గిల్‌మోర్ 177 పాయింట్లు చేసినా లీగు టైటిల్ మాత్రం ఎన్నడూ దక్కలేదు. 1992లో ఊరే వదిలేసి న్యూమార్కెట్‌కు, 1994లో సార్నియాకు వెళ్లిపోయింది.

పడమటి ప్రావిన్సుల్లో ఇంత మర్యాద లేదు. 1966లో సస్కాచువాన్ లీగులోని ఐదు జట్లు బయటికొచ్చి, బిల్ హంటర్‌కు చెందిన ఎడ్మంటన్‌తోనూ, కాల్గరీతోనూ కలిసి వేరు కుంపటి పెట్టాయి. జాతీయ హాకీ సంఘం దాన్ని తిరుగుబాటు లీగుగానే చూసింది. నేటి వెస్టర్న్ హాకీ లీగు అదే.

2024 జనవరిలో అల్బర్టాలో మళ్లీ అదే లెక్క. బ్రూక్స్‌తో సహా ఐదు జట్లు సీజన్ మధ్యలోనే, అప్పటికే జాతీయ సంఘం హాకీ కెనడాతో తెగతెంపులు చేసుకున్న బ్రిటిష్ కొలంబియా లీగులోకి దూకాయి. పాత లీగు వాళ్లతో మిగిలిన మ్యాచ్‌లు రద్దు చేసింది. ఆ ఐదూ వాటిలో అవే ఆడుకున్నాయి. జాతీయ జూనియర్ ఎ (మేజర్ జూనియర్‌కు కింది మెట్టు) కప్పును నాలుగుసార్లు గెలిచిన బ్రూక్స్ ఆ కప్పుకే దూరమైంది. ఎందుకంత తెగింపు? హాకీ కెనడా నిబంధనల ప్రకారం పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లను వేరే ప్రావిన్సుల నుంచి తెచ్చుకోవడం కష్టం. ఆ కుర్రాళ్ల కన్నేమో అమెరికా కాలేజీ హాకీ మీద. మేజర్ జూనియర్ లీగుల్లో ఆడితే కాలేజీ తలుపులు మూసుకుపోయేవి. బ్రిటిష్ కొలంబియా లీగులో ఆడితే ఆ బెడద లేదు. బ్రూక్స్‌లో ఎదిగిన కేల్ మకార్ కూడా మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం మీదుగానే ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లాడు.

ఆ మూసిన తలుపులు కాస్తా 2024 నవంబరులో తెరుచుకున్నాయి. 2025 ఆగస్టు నుంచి మేజర్ జూనియర్ ఆటగాళ్లనూ తీసుకుంటామని అమెరికా కాలేజీ క్రీడల సంఘం ప్రకటించింది. నెలలు తిరక్కుండానే బ్రిటిష్ కొలంబియా లీగులో మకుటం లాంటి పెంటిక్టన్ వీస్ సామాను సర్దుకుంది. వెళ్లింది ఎక్కడికంటే, 1966 తిరుగుబాటుదారుల లీగుకే.