యాంటెన్నా తీగ వెంట వచ్చిన మారియో

1985 సెప్టెంబరు 13న జపాన్‌లో విడుదలైన ‘సూపర్ మారియో బ్రదర్స్’ వీడియో గేమ్ ప్రపంచమంతా కలిపి నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఆ నాలుగు కోట్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లల లెక్క లేదు. 1990లలో పలాసలో, సాలూరులో, బొబ్బిలిలో ఆడిన మారియో నింటెండో కంపెనీ అమ్మింది కాదు. నకలు పెట్టెలో, నకలు క్యాసెట్‌లో, చేసినవాళ్ల పేరు లేకుండా వచ్చింది. షిగెరు మియమోతో అనే మనిషి దాన్ని రూపొందించాడని ఆ పిల్లల్లో చాలామందికి ఇంటర్నెట్ వచ్చాకే తెలిసింది. అభిమానం మాత్రం అంతకు ఎంతో ముందే కుదిరిపోయింది.

నింటెండో అమ్మిన అసలు యంత్రం పేరు ఫామికామ్. మసాయుకి ఉయెమురా రూపకల్పనలో 1983 జులైలో జపాన్ మార్కెట్‌కు వచ్చింది. దాని చిప్పులను తైవాన్, చైనా కంపెనీలు అనుకరించాయి, పోనుపోను మొత్తం యంత్రాన్నే ఒక్క చిప్పులోకి కుదించాయి. దాంతో ధర దిగింది. మన దేశంలో మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో ఇవి దుకాణాలకెక్కాయి. ఉత్తరాంధ్రకు హౌరా–మద్రాసు రైలు మార్గమే ఆధారం. దానికి ఒక కొసన కలకత్తా ఖిదిర్‌పూర్, మరో కొసన మద్రాసు బర్మా బజారు. రెండూ విదేశీ ఎలక్ట్రానిక్ సామానుకు పేరుమోసినవే. నడుమ విశాఖపట్నం ఉండనే ఉంది. ఊళ్లో ఒక్క ఇంటికి పెట్టె వస్తే చాలు, వీధి వీధంతా ఆ ఇంట్లోనే.

దొంగసరుకని తీసిపారెయ్యడం తేలిక. కానీ 2017లో స్విచ్ యంత్రాన్ని తెచ్చినప్పుడు కూడా నింటెండో ఇండియాలో అధికారికంగా అమ్మకం మొదలుపెట్టలేదు. అసలు సరుకు ఆముదాలవలస దాకా వచ్చేవరకూ ఆగి ఉంటే ఒక తరం బాల్యం ఆట లేకుండానే గడిచిపోయేది.

జనం దాన్ని ‘టీవీ గేమ్’ అన్నారు, ఆట బిళ్లని ‘క్యాసెట్’ అన్నారు. టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి గేమ్ తీగ తగిలించి, చుక్కల తెర మీద బొమ్మ నిలిచేదాకా ట్యూనింగ్ తిప్పాలి. క్యాసెట్ పలక్కపోతే తీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టాలి. పిక్చర్ ట్యూబ్ పోతుందని పెద్దవాళ్ల భయం. ఇంట్లో కొనిపెట్టని పిల్లలకు సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాల్లాంటివే గతి. అక్కడ గంటకింతని ఆట. “ఒరే, నీ లైఫ్ అయిపోనాది, ఇటివ్వు” అని వెనకనుంచి ఒకడు భుజం తడుతూనే ఉండేవాడు.

ఇంతకీ అంతమందిని పట్టి కూర్చోబెట్టిన ఆ ఆట పరిమాణం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో వచ్చే శుభోదయం బొమ్మ దానికంటే పెద్దది. అంత ఇరుకులో నీలాకాశం, పచ్చ గొట్టాలు, ఇటుకలు, నీటి అడుగు, నిప్పుల కోట, మొత్తం 32 దశలు, వాటికి తోడు కోజి కొండో సంగీతం ఇమిడ్చారు. చోటు మిగల్చడానికి చేసిన పొదుపు అద్భుతం: ఆకాశంలో మబ్బూ, నేల మీద పొదా ఒకటే బొమ్మ. తెలుపు వేస్తే మబ్బు, పచ్చ వేస్తే పొద. రంగుల టీవీలో ఈ సంగతి పట్టుకోవడం కష్టం. బ్లాక్ అండ్ వైట్ టీవీలో చూసిన పిల్లలకు మాత్రం రంగుల ముసుగు లేదు, రెండూ ఒక్క ఆకారంలోనే కనిపించేవి.

ఆటలో మొదటి తెర దాని అసలు గొప్పతనం. ఎడమ పక్కన మారియో, కుడి వైపంతా ఖాళీ. అంటే కుడికి నడవాలన్నమాట. కాసేపటికి ఒక చిన్న శత్రువు ఎదురొస్తుంది. ఎగరకపోతే చావు, ఎగిరితే బతుకు. పైనున్న ప్రశ్న గుర్తు పెట్టెను తలతో కొడితే నాణెం, ఇంకోదాన్ని కొడితే పుట్టగొడుగు. ఒక్క ఇంగ్లీషు ముక్క చదవక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. తెలుగు మీడియం బడి పిల్లాడికీ టోక్యో పిల్లాడికీ ఆ తెర ఒకేలా పాఠం చెప్పింది. తర్వాత వచ్చిన ఎన్నో ఖరీదైన ఆటలకు ఈ విద్య అబ్బలేదు.

చెప్పక్కర్లేనిది అలా ఉంటే, చెప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి ప్రపంచం రెండో దశలో పైకప్పు మీదకెక్కి చివరిదాకా పరిగెడితే మూడు గొట్టాలు కనిపిస్తాయి. వాటిలోంచి రెండు, మూడు, నాలుగు ప్రపంచాలకు దూకొచ్చు. ఎక్కడిదాకా ఆడామో ఆటలో దాచుకునే వీలు లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటినుంచే. కోతల కాలంలో ఈ అడ్డదారి తెలియడం చిన్న విషయం కాదు. ఆ ఊళ్లకు గేమ్ పత్రికలు రాలేదు. వేసవి సెలవులకు అమ్మమ్మ గారింటికి వచ్చిన బావ చెబితే ఆ రహస్యం చీపురుపల్లి నుంచి టెక్కలికి చేరింది.

‘64 ఇన్ 1’ లాంటి క్యాసెట్లలో మారియోకు తోడు కోనామీ వారి సర్కస్ చార్లీ ఉండేది. సింహం మీదెక్కి నిప్పు రింగుల్లోంచి దూకే ఆట అది. వీరఘట్టంలో పుట్టి, సొంత సర్కస్‌తో దేశమంతా పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు నేల మీద ఆ ఆట నచ్చడం సహజమే అనిపిస్తుంది. శ్రీకూర్మంలో తాబేలును దేవుడి రూపంగా కొలిచే జిల్లా పిల్లలు తెర మీద తాబేలు డిప్పను తన్ని తన్ని ఆడారు. రెంటినీ ఎవరూ ముడిపెట్టలేదు, పెట్టనవసరమూ లేదు.

2000ల్లో నెట్ సెంటర్లు వచ్చాయి. కాలేజీ ల్యాబుల్లో జాన్ రొమెరో తయారుచేసిన డేంజరస్ డేవ్ దొంగచాటుగా నడిచింది. అదీ ఎగిరి దూకే ఆటే. తర్వాత ఫోన్లు. పాత పెట్టెతో వచ్చిన, తెర మీద బాతులను కాల్చే తుపాకీ పిక్చర్ ట్యూబ్ టీవీ మీద మాత్రమే పనిచేస్తుంది కాబట్టి ఎల్‌సీడీలతో దాని పని అయిపోయింది.

శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ల అటకల మీద ఆ పెట్టెలు ఇంకా ఉన్నాయంటే పాత సామాన్లవాళ్లకు వెయ్యకండి. క్యాసెట్ మీద అంటించిన కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. గంటలెక్కన ఆడించిన దుకాణం ఏ వీధిలో ఉండేదో, ఎంత తీసుకునేవారో, చెడిపోతే ఎవరు బాగుచేసేవారో ఇంట్లో పెద్దవాళ్లని, ఆ టీవీ మెకానిక్కులని అడిగి రాసి ఉంచండి. వాళ్లు ఉండగానే ఆ పని చెయ్యాలి.