బటన్ నొక్కితేనే టైము

1972 ఏప్రిల్‌లో అమెరికాలో 2,100 డాలర్లకు ఒక వాచీ అమ్మకానికొచ్చింది. 18 క్యారెట్ల బంగారంతో చేశారు. ముళ్లు లేవు, అంకెలు లేవు, ముఖమంతా చీకటి. పక్కనున్న బటన్ నొక్కితే ఎర్రటి అంకెలు సెకను పైచిలుకు వెలిగి ఆరిపోయేవి. హామిల్టన్ కంపెనీ తెచ్చిన పల్సార్ అది.

బటన్ నొక్కాల్సి రావడానికి కారణం బ్యాటరీ. క్వార్ట్జ్ స్ఫటికం, చిప్ కాలాన్ని లెక్కపెట్టడానికి తినే కరెంటు చాలా తక్కువ. ఎల్‌ఈడీ అంకెలు మాత్రం తమ వెలుగును తామే పుట్టించుకోవాలి. వాటిని ఆపకుండా వెలిగిస్తే చిన్న సెల్స్ ఇట్టే అయిపోతాయి. అందుకే లెక్క నిరంతరం సాగేలా, వెలుగు అడిగినప్పుడే వచ్చేలా ఇంజనీర్లు రెండింటినీ విడదీశారు. జేబులోని ఫోన్ స్క్రీన్ ఆరిపోయినా లోపల గడియారం నడిచేది ఇదే పద్ధతిలో. పరిసరాల వెలుతురును బట్టి అంకెల కాంతిని సర్దే సెన్సర్ కూడా పల్సార్‌లో ఉంది. ఇప్పుడు దాన్నే ఆటో బ్రైట్‌నెస్ అంటున్నాం.

1973లో ‘లివ్ అండ్ లెట్ డై’ సినిమాలో జేమ్స్ బాండ్ పల్సార్ బటన్ నొక్కి టైము చూసుకున్నాడు. ఆ దర్జా బాండ్‌కు సరిపోయింది గానీ, ఒక చేతిలో సంచీ, మరో చంకలో పిల్లాడు ఉన్నవాళ్లకు ఆ వాచీతో అవస్థే. తర్వాతి మోడళ్లలో మణికట్టు విదిలిస్తే అంకెలు వెలిగే ఏర్పాటు చేశారు. అప్పటికే ఆలస్యమైంది. 1973లోనే సీకో ఎల్‌సీడీ వాచీ వచ్చేసింది. ఎల్‌సీడీ తాను వెలగదు, బయటి వెలుతురునే వాడుకుంటుంది. కాబట్టి టైము ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. అదే ఏడాది షార్ప్ తెచ్చిన ఎల్‌సీడీ క్యాలిక్యులేటర్ ఒక్క పెన్సిల్ సెల్‌తో 100 గంటలు నడిచింది. ఖరీదు తెచ్చిన దర్జా కూడా పోయింది, 1976కల్లా టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎల్‌ఈడీ వాచీ 20 డాలర్లకే దొరికింది.

1989లో చేత్తో పట్టుకుని ఆడే వీడియో గేమ్ గేమ్ బాయ్ కూడా స్క్రీన్ వెనక దీపం పెట్టకుండానే గెలిచింది. దాని పోటీదారు, రంగుల్లో వెలిగే అటారీ లింక్స్, ఆరు సెల్స్‌ను నాలుగైదు గంటల్లో తినేసేది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చాక ఈ పొదుపు బుద్ధి సడలింది.

2015లో ఆపిల్ వాచ్ స్క్రీన్ మళ్లీ చీకటిగానే వచ్చింది, చెయ్యెత్తితే వెలిగింది. 2019లో ఎప్పుడూ వెలిగే మోడల్ తెచ్చారు. చెయ్యి దించగానే స్క్రీన్ సెకనుకు ఒక్కసారే మారేలా చేసి, బ్యాటరీ 18 గంటలు వస్తుందన్న పాత మాటను నిలబెట్టుకున్నారు. అది గొప్ప ఇంజనీరింగే. కానీ వెలుగు ఎప్పుడు రావాలో మనిషి చేతిలో ఉండటం అంతకన్నా మంచి ఏర్పాటు. ఇప్పుడు ప్రతి నోటిఫికేషన్ స్క్రీన్‌ను వెలిగిస్తోంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అధికారాన్ని వెనక్కి తీసుకోండి.