సికింద్రాబాదు ఆవిష్కరణ: మలేరియా నివారణకు కొలమానం
సికింద్రాబాదు బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. చరిత్రకారులు ఆ తేదీనే తరచుగా స్మరిస్తారు. నివారణ సేవల చరిత్రకు మాత్రం తరువాతి వివాదమే కీలకమని నా అభిప్రాయం. లాహోరు సమీపంలోని మియాన్ మీర్ కంటోన్మెంటులో చేపట్టిన దోమల నిర్మూలన విఫలమైందని కొన్నేళ్లకే ప్రకటించారు. దోమలు ఎంత తగ్గాయో సరిగా లెక్కించకుండా వైఫల్యాన్ని ఎలా నిర్ధారిస్తారని రాస్ ఆక్షేపించాడు. 1907-08లో మారిషస్‌లో అతడు పిల్లలను పరీక్షించి, ప్లీహం ఉబ్బినవారి శాతాన్ని వ్యాధి తీవ్రతకు సూచికగా తీసుకున్నాడు. ఈ సూచిక అతని సొంతం కాదు. 1840లలోనే డెంప్‌స్టర్ ఉత్తర భారత కాలువ ప్రాంతాలలో దానిని వాడాడు. రాస్ పట్టుబట్టినది వేరొకటి: నివారణ చర్యకు ముందూ తరువాతా అదే కొలత తీయాలి.